సోములమ్మ పలికిన పిలుపు

సోములమ్మ సంగతి అడిగితే మా ఊళ్లో రెండు రకాలుగా చెబుతారు. కొందరు దేవత అంటారు. ఆమె ఈడు ఆడవాళ్లు మాత్రం పిచ్చిది అంటారు. రెండూ వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఆమె దేవతా కాదు, పిచ్చిదీ కాదు. నా తమ్ముడు గాసి పెళ్లాం. ఇప్పుడు పెళ్లాం అనకూడదు, ఎందుకనకూడదో అదే చెప్పబోతున్నాను. చెబితే నా తప్పు కూడా చెప్పాలి. మొదలుపెట్టింది నేనే.

నా పేరు గంగ. ఏడో తరగతి దాకా చదివానని నన్ను మా ఊరికి ఆరోగ్య కార్యకర్తగా వేశారు. జ్వరం వచ్చిన వాళ్ల వేలు గుచ్చి రక్తపు చుక్క గాజుపలక మీద రాసి పంపడం, మలేరియా మాత్రలు మింగించడం, కాన్పు కష్టమైతే రోడ్డు దాకా మోయించడం నా పని. మా ఊరు డుంబ్రిగుడ సంతకు రెండు గంటల నడక. ముప్ఫై గడపలుంటాయి. ఊరంతా నన్ను సిస్టరమ్మ అంటుంది. కోపిష్టిది అని కూడా అంటుంది, అది నిజమే. మాత్ర చేదని ఉమ్మేసిన మగవాళ్ల ముక్కు మూసి మింగించిన దాన్ని.

సోములమ్మది పెదబయలు వైపు. సోమవారం పుట్టింది, అందుకే ఆ పేరు. తొంభై మూడులో మా ఇంటికి వచ్చేసరికి ఇరవై ఏళ్లుంటాయి. పొట్టి మనిషి, గట్టి చేతులు. నవ్వు ఆపుకోలేదు. ఎవరి చావుకో వెళ్లినప్పుడు కూడా ఆమె పక్కన కూర్చోవాలంటే నాకు భయంగా ఉండేది.

మా వైపు మొగుడు పెళ్లాన్ని పేరు పెట్టి పిలవడు. పెళ్లాం మొగుడి పేరు చచ్చినా పలకదు, పలికితే అతని ఆయుష్షు తగ్గుతుందని నమ్మకం. పిల్లలు పుట్టాక ఫలానా గుంట తల్లీ అని, ఫలానా గుంటడి తండ్రీ అని పిలుచుకుంటారు. వీళ్లకు నాలుగేళ్లయినా పిల్లలు లేరు. అందుకని గాసి ఈల వేసేవాడు. రెండు పొట్టివి, ఒకటి పొడుగు, చివర్లో పైకి లేచే ఈల. కొండమీద కాఫీ మొక్కల్లోంచి అది వినబడగానే సోములమ్మ అంబలి పోసిన ఆనపబుర్ర పట్టుకుని ఎక్కేది. కుక్కను పిలిచినట్టు పిలుస్తున్నాడేమే అని నేను వెక్కిరించేదాన్ని. కుక్కయితే తోకూపాలి కదా, నేనూపను వదినా అనేది.

తొంభై ఏడు పుష్యమాసంలో గాసి జీలుగు కల్లు దించడానికి చెట్టెక్కాడు. మంచుకు వెదురు నిచ్చెన తడిసి ఉంది. కాలు జారి తలకిందులుగా రాతిమీద పడ్డాడు. డోలీ కట్టి రోడ్డు దాకా మోశారు, అక్కణ్ణించి జీపులో అరకు, అరకు నుంచి విశాఖపట్నం పెద్దాసుపత్రి. పుర్రె తెరిచి గడ్డకట్టిన రక్తం తీశారు. పందొమ్మిది రోజులు కళ్లు తెరవలేదు. తెరిచేసరికి కుడి చెయ్యి, కుడి కాలు చచ్చుబడి ఉన్నాయి. మూతి ఒక పక్కకు వంగిపోయింది. మాట లేదు. మనవైపు చూస్తాడు గానీ మనల్ని చూస్తున్నాడని చెప్పలేం.

ఆసుపత్రిలో కింద గదిలో వ్యాయామం చేయించేవారు. రెండు ఇనుప కమ్మీల మధ్య నిలబెట్టి, ఒక్కో అడుగు వేయించేవారు. అక్కడే మాట నేర్పే మేడం ఉండేది, తెరిసమ్మ అని. చిన్న గొంతుతో మాట్లాడేది, విసుగు లేని మనిషి. నాకున్న కోపానికి ఆమెను చూస్తే సిగ్గేసేది.

తెరిసమ్మ మాకు చెప్పినవి నేను ఈనాటికీ మరిచిపోలేదు. పెదాలు కలిపితే వచ్చే మాటలతో మొదలుపెట్టాలి, ప, బ, మ. ఇంట్లో వాళ్లను పిలిచే పిలుపులైతే మరీ మంచిది. రోగి పిలిస్తే ఉన్నపళంగా పలకాలి. పిలుపుకు పలికేవాళ్లు లేకపోతే వచ్చిన మాట వెనక్కి పోతుంది. వచ్చేదేదో ఎక్కువగా ఈ ఏడాదిలోనే వస్తుంది, ఏడాది దాటితే కష్టం. సోములమ్మ ఆ ఏడాది మాట పట్టుకుంది. ప్రతిరోజూ నన్ను అడిగేది, ఏడాదికి ఇంకా ఎన్ని వారపు సంతలున్నాయి వదినా అని.

తెరిసమ్మ మొదట సోములమ్మనే గాసి ఎదుట కూర్చోబెట్టింది. ఇతని పేరు చెప్పి పిలవమ్మా అంది. సోములమ్మ తల అడ్డంగా ఊపింది. చావు అంచు దాకా వెళ్లి వచ్చిన మనిషి ఆయుష్షు తన నోటితో ఎలా తగ్గిస్తుంది? పోనీ నిన్ను ఏమని పిలుస్తాడు, అదైనా నేర్పు అంది. ఈల అని చెప్పడానికి సోములమ్మకు సిగ్గు. ఆ వంకర మూతితో ఈల ఎలాగూ రాదు. అప్పుడు నేను ముందుకు జరిగాను. నేను నేర్పుతాను మేడం అన్నాను.

అప్ప. మా వైపు అక్కను అప్ప అంటాం. రెండు అక్షరాలు, రెండో అక్షరానికి పెదాలు కలుస్తాయి. తెరిసమ్మ చాలా బాగుందంది. నిజం చెప్పాలంటే అది పెదాల మాట అన్నది సగం కారణమే. అమ్మ పోయాక వాణ్ణి పెంచింది నేను. వాడు తిరిగొచ్చి మొదట పిలిచేది నన్నే కావాలన్న ఆశ మిగతా సగం.

రోజూ వాడి ఎదురుగా కూర్చుని, నా గుండెమీద చెయ్యి పెట్టుకుని, అప్ప, అప్ప, అప్ప అని వందసార్లు అనేదాన్ని. వాడి పెదాలు కదలగానే పక్కనున్న సోములమ్మ చెంచాతో అంబలి నోట్లో పెట్టేది. కదిలిన ప్రతిసారీ పెట్టాలని తెరిసమ్మే చెప్పింది. నెల గడిచింది. ఒక ఉదయం వాడు సోములమ్మ మొహంలోకి చూసి, "అప్...పా" అన్నాడు.

తెరిసమ్మ చప్పట్లు కొట్టింది. సోములమ్మ నవ్వుతూ ఏడ్చింది. నేను ఓ అని పలికాను, వాడు నావైపు తిరగలేదు. మళ్లీ ఆమెనే చూస్తూ అప్పా అన్నాడు. అంబలి పెట్టే చేతికి ఆ పేరు అనుకున్నాడు వెర్రివాడు. నన్ను పిలవలేదన్న బాధలో, ఆ పిలుపు ఊళ్లోకి వెళితే ఏమవుతుందో నాకు తట్టనే లేదు.

ఊళ్లో అడుగుపెట్టిన మూడో రోజుకే తెలిసింది. మా ఊరి కట్టు ఒకటుంది. మొగుడు పెళ్లాన్ని అప్పా అని పిలిచి, ఆమె దానికి పలికితే, ఆ మనువు అక్కడితో తెగిపోతుంది. తాగిన మైకంలో అన్నా అంతే. మా చిన్నప్పుడు ఒకామె అలా పలికి పుట్టింటికి వెళ్లిపోవడం నేను చూశాను.

మా ఊరి పెద్ద ఫల్గుణ, నాయుడు అంటాం. చెడ్డవాడు కాదు, చెడ్డవాడైతే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. సోములమ్మను పిలిచి నెమ్మదిగానే చెప్పాడు.

"ఆడు తలకి దెబ్బ తగిలినోడు. ఆడి నోట్లోంచి ఏటొచ్చినా తప్పు కాదమ్మీ. పలికితేనే తప్పు. ఆసుపత్రిలో తెలీక పలికింది లెక్క కాదు, ఇకమీద నువ్వు పలక్కు, అంతే."

అంతేనట! నేను ఫల్గుణతో పోట్లాడాను. ఆసుపత్రి మాట చెప్పాను. మేకనిచ్చి తప్పు దిద్దుకుంటామన్నాను. మేకనిస్తే ఒక్క పిలుపు పోతుంది, వాడు రోజుకు నూరుసార్లు పిలుస్తున్నాడు కదా సిస్టరమ్మా అన్నాడు.

సోములమ్మ పలకడం మానేసింది. పని మాత్రం ఆపలేదు. ఆసుపత్రి కమ్మీలను గుర్తుపెట్టుకుని వాకిట్లో రెండు వెదురుబొంగులు నడుమెత్తున కట్టింది. పొద్దున, సాయంత్రం గాసిని వాటి మధ్య నడిపించేది. కుడిచేతి వేళ్లు కదలడానికి చేటలో రాజ్‌మా గింజలు, గులకరాళ్లు కలిపి పోసి ఏరించేది. మూతి బిగియడానికి ఊదుగొట్టం ఇచ్చి పొయ్యి ఊదించేది. వాడు అప్పా అంటే పరుగున వచ్చి ఎదురుగా నిలబడేది. నోరు మాత్రం విప్పేది కాదు.

వాడికి ఆ మూగతనం అర్థం కాలేదు. అప్పా, అప్పా అని పిలిచి పిలిచి, ఆమె మూతిమీద ఎడమచేత్తో తట్టేవాడు, పలకమన్నట్టు. నేను అరుగుమీద నుంచి ఓ, ఓ అని పలికేదాన్ని. ఒకసారి నామీదికి గిన్నె విసిరాడు. తరవాత్తరవాత పిలవడం తగ్గించాడు. గోడవైపు తిరిగి పడుకునేవాడు. వెదురుబొంగుల మధ్య నిలబెడితే కూలబడేవాడు.

ఎవరూ లేనప్పుడు ఇంట్లో నెమ్మదిగా పలకవే, ఎవడికి తెలుస్తుంది అన్నాను. ఎవరూ వినకపోయినా నేను వింటాను కదా వదినా, నాకు తెలీదా అంది. ఆమె కూడా ఆ కట్టును నమ్మిన మనిషే. ఆ మాట పట్నం వాళ్లకు అర్థం కాదు.

మళ్లీ చూపించడానికి గాసిని విశాఖపట్నం తీసుకెళ్లాం. ఆసుపత్రి నుంచి వచ్చేనాటికి వాడికి పదకొండు మాటలు వచ్చేవి. తెరిసమ్మ బొమ్మలు చూపించి అడిగితే మూడే వచ్చాయి. ఆమె కాగితం పక్కన పెట్టి, ఇంట్లో ఎవరు పలకడం మానేశారమ్మా అని అడిగింది. సోములమ్మ తల దించుకుంది. నేను అంతా చెప్పాను, మా ఊరిని తిడుతూ చెప్పాను. తెరిసమ్మ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఆ పూటంతా కూర్చుని సోములమ్మకు వేరే పిలుపు నేర్పడానికి చూసింది. సోము అనిపించబోయింది. వాడి నాలుక తిరగలేదు. ఆమెవైపు వేలు చూపించి ఏమిటని అడిగితే, పెదాలు కలుపుతాడు, భయంగా ఆమెను చూసి ఆపేస్తాడు. ఈ ఒక్కటీ పోతే మిగతావి నిలవవు, మీ చేతుల్లోనే ఉంది అంది తెరిసమ్మ.

తిరుగుదారిలో మా ఊరి మలుపు దగ్గర జీపు దిగాక సోములమ్మ అడిగింది, పలికితే నేను ఆడికి ఏటవుతాను వదినా అని. అప్పవవుతావు అన్నాను. అప్పయితే పిల్లలుండరు కదా అంది. నేను మూట నెత్తికెత్తుకుని ముందు నడిచాను. ఆమె మొహం చూసే ధైర్యం నాకు లేకపోయింది.

ఇటుకల పండుగ వచ్చింది. అందరూ ఇంటినుంచి తెచ్చిన విత్తనాలు కలిపి పంచుకునే రోజు, ఊరంతా నాయుడి వాకిట్లో ఉంది. గాసిని మోసుకొచ్చి బండమీద కూర్చోబెట్టాం. ఎనిమిది రోజులుగా వాడు నోరు తెరవలేదు. సోములమ్మ చోళ్ల గింజలు కొలిచిపోస్తోంది. వాడు ఎందుకో తలెత్తి ఆమెను వెతుక్కుని, వినీ వినబడనట్టుగా, "అప్పా" అన్నాడు. అందరూ విన్నారు. నేనూ విన్నాను. ఆమె కుంచం కింద పెట్టింది. చేతులు చీరకు తుడుచుకుని లేచి నిలబడింది.

"ఓ. ఏటి కావాల తమ్ముడా?"

పూజ చేసే దిసారి మంత్రం ఆపేశాడు. గాసి మాత్రం నవ్వాడు. చెట్టుమీంచి పడ్డాక వాడు నవ్వడం అదే మొదలు. మళ్లీ అప్పా అన్నాడు, ఆమె మళ్లీ ఓ అంది. అలా ఎన్నిసార్లో. నేను ఏడుస్తూ ఇంటికి వచ్చేశాను. పండుగపూట ఏడవకూడదని ఎవరో వెనకనుంచి అరిచారు, వాళ్లను తిట్టిన తిట్టు ఇక్కడ రాయలేను.

నాలుగో రోజుకు సోములమ్మ అన్న రామారావు పెదబయలు నుంచి వచ్చాడు. మనువు తెగింది కాబట్టి చెల్లెల్ని తీసుకుపోతానన్నాడు. ఇరవై నాలుగేళ్ల పిల్ల, మళ్లీ మనువాడడానికి ఏ అడ్డూ లేదు, మంచి సంబంధం కూడా చూసి పెట్టాడు. అతను చెప్పిందాంట్లో తప్పు లేదు. నేనైతే వెళ్లమనే అన్నాను, ఆ మాట నిజంగానే అన్నాను. సోములమ్మ ఫల్గుణ ఎదుట కూర్చుని జవాబు చెప్పింది.

"నేనీడికి అప్పనని మీరే తేల్సినారు. అప్ప తమ్ముడింట ఉంటే తప్పని ఏ కట్టులో ఉంది? నాకిపుడు ఇదే పుట్టిల్లు. పుట్టింట్లోంచి నన్నెవులు తోలేత్తారు?"

ఫల్గుణ ఉండనీ అన్నాడు. రామారావు ఆ సాయంత్రమే వెళ్లిపోయాడు.

సోములమ్మ తన చాప అరుగుమీదికి మార్చుకుంది. గాసి సంతలో కొనిపెట్టిన పూసలదండ తీసి వాసానికి తగిలించింది. నన్ను మాత్రం వదినా అనే పిలిచేది. కట్టు ప్రకారం నన్నూ అప్పా అనాలి. ఆ ఒక్క పిలుపు మార్చుకోలేదు. ఊరు దాన్ని గమనించలేదు, నేను గమనించాను.

గాసికి మాటలు వచ్చాయి. ఏడాది తిరిగేసరికి నలభై దాకా వచ్చాయి. నీళ్లు, అంబలి, నొప్పి, వాన. మూడో ఏడు కర్ర పట్టుకుని గెడ్డ వాగు దాకా నడిచాడు. అన్నం ఎడమచేత్తో తింటాడు, చేటలో గింజలు కుడిచేత్తో ఏరతాడు. పడ్డ రోజుకు ముందు సంగతులు మాత్రం పోయాయనుకున్నాం. పెళ్లి గురించి ఎవరూ ఎత్తలేదు, వాడూ అడగలేదు. సోములమ్మ వాడికి అప్ప. మరి నేను? పెంచిన అక్కను, ఆ మాట నేర్పిన దాన్ని, నన్ను ఊరందరిలాగే సిస్టరమ్మా అంటాడు. దీనికి నవ్వాలో ఏడవాలో తెలియక మొదట్లో వాడిమీదే కసిరేదాన్ని.

ఈ లోపల సోములమ్మ తలలో తెల్లవెంట్రుకలు వచ్చాయి. నవ్వు తగ్గింది. రెండు కుటుంబాల వాళ్లు మనువుకు అడిగారు, వద్దంది. ఆమె ఈడు ఆడవాళ్లు నలుగురేసి పిల్లల్ని కన్నారు, ఆ కాన్పులన్నీ చూసింది నేనే. పురిటింట్లో నీళ్లు కాచడానికి ఆమెను ఒకటి రెండుసార్లు రమ్మన్నాను. తరవాత పిలవడం మానేశాను.

రెండు వేల అయిదు, కాఫీ పళ్లు కోసే కాలం. జ్వరాల లెక్క కోసం తిరుగుతూ మధ్యాహ్నం వాళ్ల వాకిట్లోకి వెళ్లాను. ఇద్దరూ కోసిన పళ్లు ఏరుతున్నారు, పచ్చివి ఒకవైపు, ఎర్రవి ఒకవైపు. గాసి చెయ్యి ఆపి కొండవైపు చూశాడు. పెదాలు ముందుకు పెట్టి ఊదాడు, రోజూ పొయ్యి ఊదినట్టే. మొదట గాలి వచ్చింది. తరవాత ఈల వచ్చింది. రెండు పొట్టివి, ఒకటి పొడుగు, చివర్లో పైకి లేచింది.

సోములమ్మ చేతిలో బుట్ట జారిపోయింది. పళ్లు వాకిలంతా దొర్లాయి. ఆమె లేచి, చీర సర్దుకుని, వాడి ఎదురుగా వెళ్లి నిలబడింది. ఎనిమిదేళ్లు అక్కగా బతికిన మనిషి మొహం ఆ క్షణంలో ఎలా ఉందో నేను చూశాను. ఇరవై ఏళ్ల గుంట మొహం అది.

గాసి తల పక్కకు వంచాడు. ఆమె మీదుగా కొండదారి వైపు చూడబోయాడు. ఆమె అడ్డంగా ఉంది.

"జరుగప్పా," అన్నాడు. "నా ఆడది ఇంకా రాలేదేటి?"

నాకు ఒళ్లు తెలియలేదు. ఒరే గాసీ, ఇదేరా అది, నీ ఎదురుగా ఉన్నదేరా అని అరిచాను. వాడు నన్నూ ఆమెనూ మార్చి మార్చి చూశాడు. అప్ప అప్పే కదా సిస్టరమ్మా అన్నాడు, నాకే మతి తప్పిందేమోనని జాలిపడుతున్నట్టుగా. నేను ఇంకేదో అనబోయాను. సోములమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఊరుకో వదినా," అని, వాడివైపు తిరిగి, "సంతకెల్లింది తమ్ముడా. బేగి వచ్చేత్తాది," అంది.

తరవాత వంగి పళ్లు ఏరుకోవడం మొదలుపెట్టింది. నేనూ వంగాను. ఒక్క పండు కూడా నా కళ్లకు సరిగ్గా కనబడలేదు.

మూడేళ్లయింది. గాసి ఇప్పుడు బాగా నడుస్తాడు. ఈమధ్య తెరిసమ్మ చూసి, ఇంత బాగుపడ్డవాళ్లను తక్కువ చూశానంది, ఎవరు చేయించారని అడిగింది. వాళ్లప్ప అని చెప్పాను. ఇప్పటికీ రోజూ సాయంత్రం వాడు అరుగుమీద కూర్చుని కొండవైపు ఈల వేస్తాడు. సోములమ్మ ఆ వేళకు ఎక్కువగా వాకిట్లోనే ఉంటుంది, పొయ్యిలోకి పుల్లలు విరుస్తూనో, చేట చెరుగుతూనో. ఈల వినగానే తలెత్తుతుంది. ఆ తరవాత, వాడికి దారి కనబడేలా, పక్కకు జరుగుతుంది.